ప్లాటినం గిన్నెలో పోపు

ఢిల్లీకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు రెండు విద్యలు బాగా వచ్చని గట్టిగా నమ్మేవాణ్ణి. ఒకటి రసాయన శాస్త్రం, రెండోది పప్పు వండటం. మొదటిదానికి యూనివర్సిటీ వాళ్ళిచ్చిన ఎమ్మెస్సీ పట్టా సాక్ష్యం. రెండోదానికి నా గదిలో ఉండేవాడు అడిగి మరీ వేయించుకునే మారు వడ్డన సాక్ష్యం. ఈ రెండు విద్యలూ ఒకదానికొకటి ఎదురుపడకుండా జాగ్రత్తగా బతికి ఉంటే నేనీపాటికి ఏ సిమెంటు ఫ్యాక్టరీలోనో నాణ్యతాధికారిగా స్థిరపడి, ఇలా పత్రికల్లో రాసుకునే అవసరం లేకుండా ఉండేవాణ్ణేమో. కానీ ఒకానొక ఆదివారం మధ్యాహ్నం అవి రెండూ ఒకే గిన్నెలో కలిశాయి. జరిగింది జరిగిన వరసలో చెప్పడం మా వృత్తి నేర్పిన అలవాటు కనుక ముందు ఆ గిన్నె సంగతి చెప్తాను.

ఓఖ్లాలో ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రంలో నాకు ఉద్యోగం. సిమెంటు, ఇసుక, సున్నపురాయి, గాజు ముక్కలు, ఎవరు ఏం తెచ్చిచ్చినా అందులో ఏముందో తేల్చి కాగితం మీద రాసివ్వడం మా పని. వీటిలో సిలికా ఎంతుందో కచ్చితంగా చెప్పాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి కాచాలి. అది మహా పాడు ఆమ్లం. గాజుని తినేస్తుంది, పింగాణీని తినేస్తుంది, ఒంటికి తగిలితే మనిషినీ వదలదు. మా ల్యాబులో దాని ముందు తొణక్కుండా, ఆపైన ఎర్రటి మంటలో కూర్చోబెట్టినా చెక్కుచెదరకుండా నిలబడేది ఒక్కటే వస్తువు. ప్లాటినం క్రూసిబుల్. పేరు ఘనంగా ఉంటుంది గానీ చూడ్డానికి చిన్న కప్పంత, గుప్పిట మూస్తే కనిపించదు. రంగు మన స్టీలు గిన్నెదే, కాకపోతే కాస్త మబ్బు పట్టిన స్టీలు. అరచేతిలో పెట్టుకున్నప్పుడే తేడా తెలుస్తుంది, ఇంత చిన్న వస్తువు ఇంత బరువుండటం అన్యాయం అనిపిస్తుంది. దాని ఖరీదు నా ఆరు నెలల జీతం కన్నా ఎక్కువని చేరిన రోజే చెప్పారు. చెప్పి, అందరూ ఒక్కసారి నా మొహం చూశారు.

ఆ గిన్నెకి కాపలా తాళాల ఆంటీ. ఆవిడ మా స్టోరు అధికారిణి, నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేది కనుక ఆ పేరు (నేను పెట్టింది కాదు, అప్పటికే ఉంది). ఫరీదాబాద్ నుంచి లోకల్ రైల్లో వచ్చి అందరికన్నా ముందు ల్యాబు తెరిచేది. ప్లాటినం బయటికి తీస్తే తూచి ఇవ్వాలి, తిరిగి తీసుకుంటే తూచి తీసుకోవాలి, రెండుసార్లూ మనం సంతకం పెట్టాలి. ప్లాటినం సామాను ఉన్న ఏ ల్యాబులోనైనా ఇదే పద్ధతి. తూచేది కూడా మామూలు కాటా కాదు. గాజు పెట్టెలో ఉండే సున్నితమైన తక్కెడ, దశాంశ బిందువు తర్వాత నాలుగంకెలు చూపిస్తుంది. పక్కనెవరైనా దగ్గితే ఆ నాలుగో అంకె బెదిరిపోతుంది. అందుకని ఆవిడ తూచేటప్పుడు "సాఁస్ రోకో" అనేది, నేను బుద్ధిగా ఊపిరి బిగబట్టేవాణ్ణి. రిజిస్టర్లో ఇచ్చిన బరువు, వచ్చిన బరువు, తరుగు, కారణం అని గళ్ళుండేవి. నాకు ముందు ఆ సీటులో ఉన్న కుర్రాడు గిన్నెని కింద పడేసి సొట్ట పెట్టి, దాన్ని సుత్తితో తనే సరిచేయబోయి, అంచు మీద కాస్త ముక్క ఎగరగొట్టాడట. తరుగు గడిలో ఎర్ర సిరా పడింది. మర్నాటి నుంచి ఆ కుర్రాడు లేడు. ఈ కథ ఆవిడ నాకు మొదటి వారంలోనే నాలుగుసార్లు చెప్పింది.

నా ప్రొబేషను ఇంకో పదకొండు రోజుల్లో పూర్తవుతుందనగా శనివారం సాయంత్రం ఆంటీ నన్ను పిలిచింది. సోమవారం పొద్దున్నే మానేసర్‌లోని మా శాఖలో ఏదో గాజు పరీక్ష ఉందట, వాళ్ళ క్రూసిబుల్ పగులిచ్చిందట, మాది ఒక్కరోజుకి కావాలట. కొరియర్లో పంపడానికి ఆవిడ మనసొప్పలేదు. "నువ్వుండేది బేర్ సరాయ్‌లో కదా, అక్కణ్ణించి మానేసర్ నీకే దగ్గర. ఇంటికి తీసుకెళ్ళు, సోమవారం తొమ్మిదింటికల్లా వాళ్ళ చేతిలో పెట్టు. వాళ్ళూ తూచుకుంటారు" అంది హిందీలో. నేను దాన్ని ఆమ్లంలో మరిగించి, ఎర్రగా కాల్చి, చల్లార్చి ఇచ్చాను. ఊపిరి బిగబట్టాం. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు ఒకటి ఏడు రెండు గ్రాములు. సంతకం పెట్టాను. "బేటా, యే ఖిలౌనా నహీఁ హై" అంది ఆంటీ. ఆట వస్తువు కాదని నాకూ తెలుసు. ఆ సాయంత్రం బస్సులో జేబు మీద చెయ్యి వేసుకుని, నా చుట్టూ నిలబడ్డ జనమంతా నా జేబువైపే చూస్తున్నట్టు ఊహించుకుంటూ, నిజం చెప్పాలంటే కాస్త ఛాతీ విరుచుకునే వచ్చాను. ప్రొబేషను పూర్తికాని వాడికి ప్లాటినం అప్పగించారంటే ఇక ఉద్యోగం ఖాయమైనట్టే. ఖాయం కాకపోతే తెనాలిలో మా మామయ్య ఎరువుల కొట్టు ఉంది. యూరియా బస్తాల మధ్య నా కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంచానని ఆయన నెలనెలా ఫోన్లో గుర్తు చేసేవాడు.

ఇక గది. బేర్ సరాయ్ సందుల్లో మూడో అంతస్తు, ఒకే గది, మూల మీద చిన్న గ్యాస్ పొయ్యి, పైన రెండరల అలమర. నాతోపాటు ఉండేవాడు అనంతపురం వాడు, సివిల్స్‌కి చదువుతున్నాడు. మూడో ప్రయత్నం. ఇంకా ఏమీ కాలేదు గానీ సందులో టీ కొట్టు దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా అందరూ అతన్ని కలెక్టర్ సాబ్ అనే పిలిచేవారు, అతనూ పలికేవాడు. ప్రపంచంలో అతనికి తెలియని విషయం లేదు, కాకపోతే అన్నీ పాయింట్ల రూపంలో తెలుసు. గిన్నెని ఎక్కడ దాచాలా అని నేను చాలా ఆలోచించాను. బేర్ సరాయ్‌లో దొంగలు పట్టుకుపోయేవి ల్యాప్‌టాపులు, ఫోన్లు, గుమ్మం ముందు బూట్లు. బ్రహ్మచారుల వంట సామాను జోలికి ఏ దొంగా రాడు. కనుక వంట అలమరలో, స్టీలు గిన్నెల వెనకాల, నా క్యారేజీలో పచ్చడి పెట్టుకునే చిన్న డబ్బాలో దాన్ని పెట్టి మూత బిగించాను. దాచింది ఎంత బాగా కుదిరిందంటే, ఆ సంగతి కలెక్టరుకి చెప్పాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు.

ఆదివారం మా మెస్సులో రాజ్మా. వారానికి ఆరు రోజులు ఉత్తరాది తిండి తిని ఏడో రోజు టమాటా పప్పు వండుకోవడం మా గది ఆచారం. పప్పు ఉడకపెట్టి, మెదిపి, పోపు మాత్రం వచ్చి వేస్తానని చెప్పి నేను కరివేపాకు కోసం మునీర్కా వెళ్ళాను. కరివేపాకు దొరికింది గానీ అమ్మేవాడితో మాట్లాడుతూ నిలబడటం నాకున్న మరో వ్యసనం. వచ్చేసరికి గంటైంది. ఆకలికి ఆగలేక కలెక్టరు ఫ్రిజ్ పక్కన వాడిపోయి పడున్న పాత కరివేపాకుతోనే పోపు వేసేసి, ముందు రెండు కంచాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వొచ్చేదాకా ఉంటే నా ప్రాణం పోతాదని నేనే వేసేస్తినప్పా. తిను."

తిన్నాను. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ పోపు అద్భుతంగా ఉంది. ఆవాలు ఒక్కటి మాడకుండా చిట్లాయి, మినప్పప్పు సరిగ్గా దోరగా వేగింది, ఎండుమిర్చి ఘాటు పప్పులోకి పూర్తిగా దిగింది. నేను రెండుసార్లు మెచ్చుకుని మూడోసారి వేయించుకున్నాను. కలెక్టరు ఒక చేత్తో కలుపుకుంటూ, రెండో చేత్తో నోట్సు తిరగేస్తూ, ఆ వారం చదివిన ఖనిజాల పాఠం నాకు అప్పజెప్పడం మొదలుపెట్టాడు (రసాయన శాస్త్రం వాడు దొరికితే వదలడు).

"ప్లాటినం. పరమాణు సంఖ్య డెబ్బై ఎనిమిది. శానా మటుకు దక్షిణాఫ్రికాలో దొరుకుతాది. కార్ల సైలెన్సర్లో పెడతారు, పొగలో విషాన్ని తగ్గించేదానికి. క్యాన్సర్ మందుల్లో వాడతారు. గుండెకి పెట్టే పేస్‌మేకరు తీగ కొసన ఉంటాది. తుప్పు పట్టదు, ఆమ్లాలకి లొంగదు, రాజజలంలో తప్ప కరగదు. సరేనా?"

"సరే" అన్నాను, అప్పడం విరుచుకుంటూ.

"గుర్తుపట్టడం ఎట్లా అంటే, తెల్లగా మెరుస్తాది, ఇత్తడి కన్నా రాగి కన్నా శానా బరువు." పేజీ తిప్పాడు. "బరువంటే జ్ఞాపకమొచ్చె. ఆ పోపు గిన్నె యాడ దాచిపెట్టినావప్పా ఇన్నాళ్ళూ? మన పోపు గరిటె పైగది వాళ్ళు తీసకపోయి తిరిగి ఇయ్యలేదు. యెతికితే నీ పచ్చడి డబ్బాలో దొరికె. ఇంత చిన్నది, ఎంత బరువుండాదో! సమంగా కాగుతాది. పట్టుకునేదానికి చెవుల్లేవు, నీ కటింగ్ ప్లేయరుతో పట్టుకుంటిలే."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. పొయ్యి వైపు చూశాను. గట్టు మీద, నూనె జిడ్డు కారుతూ, అడుగున రెండు చిట్లిన ఆవాలూ ఒక మిరప గింజా అతుక్కుని, నా ఆరు నెలల జీతం కూర్చుని ఉంది.

"ఒరేయ్" అన్నాను. వేలితో పొయ్యి గట్టు చూపించాను. "ఒరేయ్, అదేరా ప్లాటినం."

కలెక్టరు గిన్నెని చూశాడు. నోట్సు చూశాడు. మళ్ళీ గిన్నెని చూశాడు. "నేను స్టీలనుకుంటినే" అన్నాడు. ఆ తర్వాత అతని మొహంలో రంగులు మారాయి. "దీంట్లో మీరు సిమెంటు కాస్తారంటివే. ఆమ్లం పోస్తారంటివే. ఇప్పుడు మనం తినింది దాంట్లోనేనా...?"

"దాన్ని నిన్ననే మరిగించి ఎర్రగా కాల్చాను. అంతకన్నా శుభ్రమైన గిన్నె ఈ ఢిల్లీ మొత్తంలో లేదు."

"అయితే ఇంగేం భయం లేదు కదా" అని అతను మళ్ళీ ముద్ద కలుపుకోబోయాడు.

భయమంతా నాదే. మా ల్యాబు గోడ మీద ప్లాటినంతో ఏమేం చేయకూడదో రాసిన పట్టిక ఒకటి ఉండేది. పసుపు మంట మీద పెట్టకూడదు, మసి పట్టి లోహం పెళుసెక్కుతుంది. మా పొయ్యి ఆరు నెలలుగా పసుపు మంటే మండుతోంది. గంధకం తగలకూడదు. ఆవాల్లో, వెల్లుల్లిలో, ఇంగువలో ఆ ఘాటంతా గంధకానిదే. ఫాస్ఫరస్ ఉన్న పదార్థాలు మాడ్చకూడదు. మినప్పప్పు నిండా ఉన్నది అదే. ఇనుప పటకారు వాడకూడదు. కటింగ్ ప్లేయరుని వెండితో చేయరు కదా. ఆ పట్టిక రాసినవాడికి తెలుగువాళ్ళ పోపు మీద ఏదో పాత కక్ష ఉండి ఉండాలి, ఒక్క దినుసు వదలలేదు.

సబ్బుతో కడిగాను. జిడ్డు పోయింది, గింజలు పోయాయి, అడుగున ముదురు గోధుమ రంగు పొర ఒకటి అలాగే ఉండిపోయింది. కలెక్టరు స్టీలు పీచు అందించాడు. నేను దాన్ని లాక్కుని మూలకి విసిరేశాను. పీచుతో రుద్దితే పొరతో పాటు ప్లాటినం కూడా అరుగుతుంది, బరువు తగ్గుతుంది, తగ్గిన బరువు సోమవారం తొమ్మిది గంటలకి మానేసర్ తక్కెడ మీద బయటపడుతుంది. రుద్దకపోతే పొర బయటపడుతుంది. సరైన వైద్యం ఏమిటో నాకు తెలుసు. పొటాషియం బైసల్ఫేట్ వేసి కరిగించి, గిన్నె లోపలంతా తిప్పి పారబోయాలి. ఆ మందు ఓఖ్లాలో ఉంది. దాని తాళం ఆంటీ నడుముకి ఉంది.

"ముందు బరువు పెరిగిందో తగ్గిందో చూద్దాం" అన్నాడు కలెక్టరు. "సమస్య ఎంతుందో తెలీకుండా పరిష్కారం రాయకూడదు."

అలా ఆ సాయంత్రం నాలుగింటికి మేమిద్దరం మునీర్కాలో ఒక చిన్న నగల కొట్టుకి వెళ్ళాం. ఇద్దరికీ హవాయి చెప్పులే, ఒకడి చొక్కా మీద పప్పు మరక. కొట్టాయన గిన్నె చేతిలోకి తీసుకుని "చాందీ?" అన్నాడు. వెండి కాదు, ప్లాటినం అన్నాం. ఆయన మా చెప్పులు చూశాడు. చిన్న సీసాలోంచి గాజు పుల్లతో ఒక చుక్క ఆమ్లం తీసి అంచు మీద పెట్టాడు (నేను ఆపేలోపే). చుక్క అలాగే కూర్చుంది, పొంగలేదు, రంగు మారలేదు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. గిన్నెని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.

"ఇస్ మేఁ సే హింగ్ కీ ఖుష్బూ ఆ రహీ హై."

"జీ. అసలీ హింగ్" అన్నాడు కలెక్టరు, ఇంగువ నాణ్యత మీద అనుమానం వచ్చిందేమోనని.

"ఇందులో తడ్కా వేస్తారా మీరు?"

"ఒక్కసారే, భయ్యా" అన్నాను నేను.

ఆయన తక్కెడ మీద పెట్టాడు. రెండంకెలే చూపించే తక్కెడ. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు మూడు. నేను సంతకం పెట్టినప్పుడు ఉన్నదానికన్నా ఒక గ్రాములో నూరోవంతు ఎక్కువ. అంటే మా పోపు ప్లాటినాన్ని తినలేదు, తనే ఎక్కి కూర్చుంది. నేను గాలి పీల్చుకునేలోపు కొట్టాయన లోపలికి కేక వేసి భార్యని పిలిచాడు. ఆవిడ వచ్చి గిన్నెని, మమ్మల్ని చూసింది. "వీళ్ళు మదరాసీలు. ప్లాటినంలో తాలింపు పెట్టుకుంటారట. ఇక వీళ్ళ ఇళ్ళల్లో పళ్ళేలు దేనివో" అన్నాడాయన హిందీలో, భక్తిగా. మా కోసం బల్లలు తుడిచారు. టీ తెప్పించారు. కలెక్టరు ముందు వజ్రాల ఉంగరాల ట్రే ఒకటి తెరిచి పెట్టారు. అతను ఒకటి వేలికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మళ్ళీ వస్తాం" అన్నాడు, నిజంగానే వచ్చేవాడిలా. ఆ కొట్టాయన మమ్మల్ని మెట్ల దాకా సాగనంపాడు. ఢిల్లీలో నాకంత మర్యాద మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

గదికి వచ్చాక కలెక్టరు నా సమస్యని ఒక తెల్లకాగితం మీద రాశాడు. అతని పరీక్షలో నీతిశాస్త్రం పేపరు ఒకటి ఉండేది, అందులో ఇలాంటి చిక్కులిచ్చి ఏం చేస్తావని అడుగుతారు. పైన 'సంబంధిత పక్షాలు' అని రాసి కింద 'నువ్వు, ఆంటీ, గిన్నె' అని రాశాడు. తన పేరు రాసుకోలేదు. ఆ కింద మూడు దారులు. ఒకటి, ఏమీ తెలియనట్టు మానేసర్‌లో ఇచ్చేయడం. రెండు, ఢిల్లీలో గాలి కాలుష్యం వల్ల మసి పట్టిందనడం. మూడు, నిజం చెప్పడం.

"మూడోదానికి మార్కులొస్తాయి" అన్నాడు. "మొదటిదానితో ఉద్యోగం నిలబడతాది."

"నువ్వైతే ఏం చేస్తావ్?"

"నేను మూడోది రాస్తానప్పా, పరీక్షలో."

సోమవారం మానేసర్ వెళ్ళలేదు. ఏడున్నరకే ఓఖ్లాలో ఉన్నాను. బస్సులో దారంతా రెండో దారిని రిహార్సల్ చేసుకున్నాను. ఆంటీ అప్పుడే షట్టరు తీస్తోంది. నన్ను చూడగానే చెయ్యి చాపింది. నేను డబ్బా ఇచ్చాను. ఆవిడ గిన్నెని పటకారుతో తీసి తక్కెడలో పెట్టి తలుపు మూసింది. "సాఁస్ రోకో." బిగబట్టడానికి నా దగ్గర ఊపిరి లేదు. అంకెలు ఊగి ఊగి నిలబడ్డాయి. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు రెండు ఎనిమిది ఏడు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. రిజిస్టరు తెరిచింది. తరుగు గడి మీద పెన్ను పెట్టి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ప్లాటినం అరగడమే చూసింది గానీ పెరగడం చూడలేదు. పెరిగితే రాయడానికి రిజిస్టర్లో గడి కూడా లేదు. నా వైపు తిరిగింది.

"బఢ్ గయా?" అంది. పెరిగిందా అని అడిగింది గానీ, ఆ గొంతు ఒక ఇల్లాలు పాలగిన్నెలో పాలు ఎక్కువున్నాయని గమనించి, నీళ్ళెవరు కలిపారని అడిగినప్పటి గొంతు.

"ఆంటీ, ఢిల్లీలో గాలి..." అని మొదలుపెట్టాను. ఆవిడ గిన్నెని ముక్కు దగ్గరికి తీసుకుంది. పంజాబీ ఇంట్లో పుట్టి, నలభై ఏళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడ్డ ముక్కు అది. దాని ముందు నా వాక్యం పూర్తికాలేదు.

"తడ్కా" అంది. అడగలేదు, చెప్పింది. తర్వాత, తక్కెడ మీద అంకె అడిగినంత మామూలుగా, "రాయీ యా జీరా?" అంది. ఆవాలా, జీలకర్రా?

నేను తల దించుకున్నాను. "దోనోఁ, ఆంటీ."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుని నేను బెదిరిపోయాను. నవ్వుతోంది. శబ్దం రాకుండా, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా, తక్కెడ గాజు తలుపు పట్టుకుని నవ్వింది, నాలుగో అంకె ఆగకుండా ఎగిరింది. అప్పుడు నేను మొత్తం చెప్పేశాను, పసుపు మంట, కటింగ్ ప్లేయరు, మూడోసారి వేయించుకోవడం, అన్నీ. ఆవిడ వింటూనే మానేసర్‌కి ఫోన్ చేసి, "గిన్నె మధ్యాహ్నం వస్తుంది, ఇంకా చల్లారలేదు" అంది. ఆ తర్వాత కొంగు దోపుకుని తనే బైసల్ఫేట్ తీసింది. బర్నరు మంటని నీలంగా సరిచేసింది. పొడి కరిగి ఎర్రటి తేనెలా అయ్యాక గిన్నెని పటకారుతో వంచి, అది లోపలి గోడలన్నీ తాకేలా నెమ్మదిగా తిప్పింది. మా ఇంట్లో పెనం మీద అట్టు పిండి తిప్పినట్టే తిప్పింది. పారబోసి, ఆమ్లంలో మరిగించి, కాల్చి, చల్లార్చేసరికి పదిన్నరైంది. తూచాం. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు ఒకటి ఆరు తొమ్మిది. తరుగు సున్నా పాయింట్ సున్నా సున్నా సున్నా మూడు. అంత తరుగు ఏ పరీక్షకైనా మామూలే. అడుగున మాత్రం ఆవగింజంత మచ్చ ఒకటి ఉండిపోయింది. కారణం గడిలో ఆవిడ ఏం రాస్తుందా అని మెడ చాచి చూశాను. 'సేంద్రియ నమూనా, దక్షిణ భారతం' అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టింది.

ఆ పదకొండు రోజులూ పూర్తయ్యాక నా ఉద్యోగం ఖాయమైంది. ఎరువుల కొట్టులో ప్లాస్టిక్ కుర్చీ మా మామయ్య వేరే వాళ్ళకి ఇచ్చేశాడు. కానీ ఏడాది తిరక్కుండానే ల్యాబు వదిలి నేనే పత్రికలోకి వచ్చేశాను. గిన్నె మచ్చ మీద కన్నా, దాని గురించి నలుగురికీ చెప్పడం మీద నాకు శ్రద్ధ ఎక్కువని అప్పటికే తేలిపోయింది. (ఆ సంగతి నాకన్నా ముందు ఆంటీకే తెలుసు. 'నువ్వు మాట్లాడేటప్పుడు బాగా తూస్తావు, తూచేటప్పుడే మాట్లాడతావు' అని ఒకసారి అంది.) కలెక్టరు కలెక్టరు కాలేదు. కర్నూల్లో పోటీ పరీక్షలకి పాఠాలు చెప్తున్నాడు. ఖనిజాల పాఠం వచ్చినప్పుడు ప్లాటినాన్ని చూసి గుర్తుపట్టడం చాలా కష్టమని, తను స్వయంగా పరిశీలించానని చెప్తాడట.

మొన్న చలికాలంలో ఆంటీని చూడ్డానికి ఫరీదాబాద్ వెళ్ళాను. రిటైరై చాలా కాలమైంది. గుండెకి పేస్‌మేకరు పెట్టారు. కుశలం అడిగితే ఆరోగ్యం సంగతి వదిలేసి డాక్టరు మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. "తీగ కొసన ప్లాటినం ఉందన్నాడు. ఎంత అని అడిగితే తెలియదన్నాడు. తూచకుండానే లోపల పెట్టేశాడు బేటా, నా సంతకం కూడా దానికి కాదు, వేరే కాగితం మీద తీసుకున్నాడు." ఆవిడ కోడలు పకోడీలు తెచ్చి పెట్టింది. అవి తింటూ, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను. ఆ రోజు నన్నెందుకు పంపించేయలేదు అని.

"గాలి అని మొదలుపెట్టినప్పుడు పంపించేద్దామనే అనుకున్నా" అంది. "కానీ రాయీ యా జీరా అంటే రెండూ అన్నావు. దొంగైతే ఒక్కటే ఒప్పుకునేవాడు."

గర్వంతో నా ఛాతీ ఉబ్బబోయింది. అప్పుడే మునీర్కా కొట్టు, అంచు మీద పెట్టిన ఆ ఆమ్లం చుక్క, కలెక్టరు వేలికి ఉంగరం కళ్ళముందుకొచ్చాయి. ఆవిడకి అన్నీ చెప్పానని అనుకున్న ఆ పొద్దున నేను మింగేసింది అదొక్కటే. ఇప్పుడు చెప్పేయొచ్చు. ఉద్యోగం లేదు, రిజిస్టరు లేదు, పోయేదేమీ లేదు. నోరు తెరిచాను కూడా. ఆంటీ కళ్ళజోడు పైకి జరుపుకుని నా వైపు చూసింది, నేను పళ్ళెం వైపు చెయ్యి చాపాను.

"ఇంకో పకోడీ వేసుకుంటాను ఆంటీ" అన్నాను. నిజాయితీపరుడని ఇన్నేళ్ళుగా ఒక ఇంట్లో పేరు నిలబెట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడి పరువు తీయడానికి నాకు మనసొప్పలేదు.